పందొమ్మిదో ఛానల్ ఎక్కడికి జరిగింది?

సీబీ రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టే లారీ డ్రైవర్లలో చాలామంది లోపం పేరు కూడా వాళ్ళే చెప్పేస్తారు. "ఫ్రీక్వెన్సీ తప్పింది, సరిచెయ్యి" అంటారు. దారిలో ఎదురైన ఇంకో లారీవాడు వీళ్ళ గొంతు బొంగురుగా వస్తోందనో, పక్క ఛానల్లో వినిపిస్తోందనో చెప్పి ఉంటాడు. మూత విప్పి కొలిచి చూస్తే నిజంగా ఫ్రీక్వెన్సీ తప్పిన సెట్లు తక్కువే ఉంటాయి. మైకు తీగ లోపల తెగి ఉంటుంది, యాంటెనా కనెక్టర్లోకి వాననీళ్ళు దిగి ఉంటాయి, లేదంటే గొంతు పెద్దగా రావాలని ఎవరో మాడ్యులేషన్‌ని హద్దు దాటించి ఉంటారు. పనిచేసే సెట్టులో ఫ్రీక్వెన్సీ స్క్రూ తిప్పి చెడగొట్టి, తర్వాత నా దగ్గరికి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. నా పనిలో సగం స్క్రూ తిప్పడమైతే, మిగతా సగం ఏ స్క్రూ తిప్పకూడదో తేల్చుకోవడం.

నేను పుట్టింది తెనాలిలో, రేడియో బాగుచేసే ఇంట్లో. నాన్న షాపులో మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లు వరసగా పేర్చి ఉండేవి. స్కూలు నుంచి వచ్చాక నా పని టంకం పొగ పీలుస్తూ కాయిల్స్ అందించడం. ఇప్పుడు టెక్సస్‌లోని అమరిల్లో దగ్గర, ఐ-40 రహదారి పక్కన ఉన్న లారీల స్టాపులో సీబీ సెట్ల రిపేరు చేస్తున్నాను. డల్లాస్ తెలుగువాళ్ళు నా ఉద్యోగం సంగతి విని, "అవి ఇంకా ఉన్నాయా?" అని ఆశ్చర్యపోతారు. ఉన్నాయి. మంచు పడి రోడ్డు మూసేస్తే, ముందు రెండు మైళ్ళ దూరంలో ఏం జరిగిందో ఫోన్‌లోని మ్యాపు కంటే ముందు చెప్పేది లారీవాళ్ళంతా వినే 19వ ఛానల్లో ఉన్న ఎదుటి లారీవాడే.

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. పరీక్ష రాయకుండా మామూలు జనం వాడుకునే రేడియో. అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానళ్ళతో మొదలుపెట్టారు. 1973లో చమురు కరువు వచ్చి, ఆ వెంటనే దేశమంతా గంటకు 55 మైళ్ళు దాటొద్దని హద్దు పెట్టాక లారీవాళ్ళకు ఇది తప్పనిసరి సామాను అయింది. డీజిల్ ఏ బంకులో ఉంది, పోలీసు ఏ మలుపులో నిలబడ్డాడు అన్నవి అందులోనే తెలిసేవి. దాని మీద పాట వచ్చింది, సినిమా వచ్చింది, కొన్నాళ్ళు కార్లున్న ఇళ్ళవాళ్ళు కూడా కొనుక్కున్నారు. 23 ఛానళ్ళు చాలక 1977 జనవరి 1 నుంచి 40 చేశారు. 1వ ఛానల్ 26.965 దగ్గర, 40వది 27.405 దగ్గర. ఏఎంలో 4 వాట్లకు మించి పంపకూడదు. ఆ 4 వాట్లతో రోడ్డు మీద మామూలుగా కొన్ని మైళ్ళు వెళ్తుంది.

మన దేశంలోనూ ఈ పట్టీలో ఒక ముక్కకు లైసెన్సు అక్కర్లేదు. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల లోపు, యాంటెనా సెట్టులోనే బిగించి ఉన్న పరికరాలకు 2005లో ఆ మినహాయింపు ఇచ్చారు. అమెరికా సెట్టు లెక్కలో చూస్తే 27వ ఛానల్ 27.275 కాబట్టి హద్దు లోపలే ఉంటుంది. 28వది 27.285, హద్దు బయట పడుతుంది. లారీకి పెట్టే సెట్టుకు యాంటెనా బయట ఉంటుంది కాబట్టి అది ఎలాగూ ఆ మినహాయింపులోకి రాదు. హైదరాబాదు వెళ్తూ అమెరికా సీబీ సెట్టు సూట్‌కేసులో పెట్టుకుందామనుకునేవాళ్ళు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. ఇంకో తమాషా ఏమిటంటే, నడుం నొప్పికి ఫిజియోథెరపీ ఆస్పత్రిలో వేడి పెట్టే షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం నడిచేది 27.12 మెగాహెర్ట్జ్ మీద. అంటే సరిగ్గా 13, 14 ఛానళ్ళ మధ్య.

ఇక అసలు విషయానికి వస్తాను. 19వ ఛానల్ అంటే 27.185 మెగాహెర్ట్జ్. మైకు బటన్ నొక్కి ఏమీ మాట్లాడకుండా ఉంటే సెట్టు లోపలి నుంచి బయటికి వచ్చే తరంగం సెకనుకు 2 కోట్ల 71 లక్షల 85 వేల సార్లు ఊగాలి. ఎంత తప్పితే తప్పు? అమెరికా నియమం ప్రకారం పది లక్షలకు 50 వంతులు. 19వ ఛానల్ మీద అది అటూ ఇటూ 1,359 హెర్ట్జ్ అవుతుంది. ఏఎంలో ఈ మాత్రం తేడా మనిషి చెవికి ఇంచుమించు తెలియదు. అవతలి సెట్టు ఒక్కో ఛానల్‌ని ఐదారు కిలోహెర్ట్జ్ వెడల్పున వింటుంది. ఒక కిలోహెర్ట్జ్ పక్కకు జరిగితే గొంతులోని పై స్వరాలు ఒకవైపు కాస్త కోసుకుపోతాయి, కొంచెం గరగర వస్తుంది, అంతే. అందుకే "నీ గొంతు బాలేదు, నువ్వు ఫ్రీక్వెన్సీలో లేవు" అని రోడ్డు మీద ఇచ్చే తీర్పుల్ని నేను నమ్మను.

చెవికి నిజంగా తెలిసేది ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కినప్పుడు. ఒకడి సెట్టు 27.185200 మీద, ఇంకొకడిది 27.184500 మీద ఉన్నాయనుకోండి. వింటున్న మూడోవాడికి ఇద్దరి మాటల మీదుగా 700 హెర్ట్జ్ ఈల వినిపిస్తుంది. ఆ ఈల రెండు సెట్ల ఫ్రీక్వెన్సీల మధ్య తేడా. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువై వెయ్యి మైళ్ళ అవతలి సెట్లు కూడా వినపడే కాలంలో 19వ ఛానల్ నిండా ఈలలే ఉంటాయి. డ్రైవర్లు విసుక్కుని గొంతు తగ్గించేస్తారు. నాకు మాత్రం అది దేశంలోని సెట్లన్నీ ఎంతెంత తప్పి ఉన్నాయో వినే అవకాశం. రాత్రి పొద్దుపోయాక మీడియం వేవ్‌లో ఒకే చోట రెండు స్టేషన్లు పడి, వార్తలు పైకీ కిందికీ ఊగుతూ వినపడటం పాత శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. అదీ ఇదీ ఒకటే. అక్కడ తేడా సెకనుకు ఒకటి రెండు ఊగులు, ఇక్కడ వందలు.

ఈ సంగతులు ఫోన్‌లో చెప్తే నాన్నకు వెంటనే అందుతాయి.

"మన విజయవాడ 837 దగ్గర రావాల్సింది 860 దగ్గర వస్తే ఏం చేసేవాళ్ళం అమ్మాయ్?"

"ఓసిలేటర్ కాయిల్ కోర్ తిప్పేవాళ్ళం."

"తప్పు. ముందు హైదరాబాదు ఎక్కడ వస్తోందో చూసేవాళ్ళం."

అదే సూత్రం. హైదరాబాదు 738 కూడా అంతే దూరం జరిగి ఉంటే డయల్ ముల్లు దారం మీద జారి ఉంటుంది, ముల్లు జరిపితే చాలు. డయల్ ఒక కొసన సరిగ్గా ఉండి ఇంకో కొసకు పోయేకొద్దీ తప్పుతుంటే అప్పుడు కాయిల్, ట్రిమ్మర్ (స్క్రూతో తిప్పే చిన్న కెపాసిటర్). స్టేషన్లన్నీ సరైన చోటే ఉండి శబ్దం మాత్రం నీరసంగా వస్తే ఐఎఫ్‌టీలు, అంటే 455 కిలోహెర్ట్జ్ కాయిల్స్. ఎంత తప్పింది అన్నదాని కంటే ఎక్కడెక్కడ తప్పింది, ఎక్కడ తప్పలేదు అన్నది ముఖ్యం. సీబీ సెట్టులోనూ అదే 455 ఉంటుంది. తెనాలిలో నేర్చుకున్నది అమరిల్లోలో అక్కరకు రావడానికి కారణం అంతే, వేరే మహిమేం లేదు.

కొలవడం మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలున్నాయి. యాంటెనా తీసేసి, దాని బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెడతాను. అది పెద్ద రెసిస్టర్, శక్తినంతా వేడిగా మింగేస్తుంది, గాల్లోకి ఏమీ పోదు. ఫ్రీక్వెన్సీని అంకెల్లో చూపించే కౌంటర్‌ని సూటిగా యాంటెనా సాకెట్‌కి తగిలించకూడదు. 4 వాట్లంటే ఆ లోడ్ మీద 14 వోల్టులు దాటుతుంది, కౌంటర్ ముందు భాగం కాలిపోవడానికి అది చాలు. డమ్మీ లోడ్ పక్కన చిన్న తీగచుట్ట పెట్టి, ఆ చుట్టలోకి వచ్చే కాసింత సంకేతాన్ని కొలుస్తాను. కరెంటు 13.8 వోల్టులు ఇచ్చి, సెట్టుని కనీసం పావుగంట వెలిగి ఉండనిస్తాను. సెట్టు ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్ వెచ్చబడే దాకా అంకె కదులుతూనే ఉంటుంది. ఆ కదిలే అంకెని చూసి స్క్రూ తిప్పినవాళ్ళు సాయంత్రానికి మళ్ళీ తిప్పాల్సి వస్తుంది.

కౌంటర్ చెప్పింది నిజమని ఏం నమ్మకం? దాని లోపలా ఒక క్రిస్టలే ఉంది. అదే పది లక్షలకు 10 వంతులు తప్పితే 19వ ఛానల్ మీద 272 హెర్ట్జ్ అబద్ధం చెప్తుంది. తంబుర శ్రుతి తప్పితే పాడేవాళ్ళంతా తప్పినట్టు, ఈ కౌంటర్ తప్పితే నా బల్ల దాటి వెళ్ళే ప్రతి సెట్టూ అదే మేరకు తప్పుతుంది. అందుకని ఇంకో రేడియోలో, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి అమెరికా ప్రభుత్వం టైముకీ ఫ్రీక్వెన్సీకీ ప్రమాణంగా నడిపే డబ్ల్యూడబ్ల్యూవీ స్టేషన్ పెడతాను. 10 మెగాహెర్ట్జ్ మీద పగలు మాకు చక్కగా వస్తుంది. సెకనుకో టిక్కు, నిమిషానికోసారి మగ గొంతుతో టైము చెప్తుంది. కొన్ని వేళల్లో దాని వెనకే ఆడ గొంతు కూడా లీలగా వినపడుతుంది, అది హవాయి నుంచి వచ్చే ఇంకో స్టేషన్. ఆ రేడియో పక్కన నా కౌంటర్ పెడితే, కౌంటర్ లోపలి 10 మెగాహెర్ట్జ్ కొద్దిగా బయటికి కారుతుంది కాబట్టి, రెండూ కలిసి నెమ్మదిగా ఊగుతాయి. సెకనుకు ఒక్క ఊగు అంటే 10 మెగాహెర్ట్జ్‌లో ఒక్క హెర్ట్జ్ తేడా, సీబీ మీద మూడు హెర్ట్జ్ లోపే. అంతకంటే నాకు అక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికంటే నాకు ఇష్టమైన సెట్ల గురించి చెప్తాను. అవి 1977కు ముందు వచ్చిన 23 ఛానళ్ళవి. రిటైరైన డ్రైవర్లు వాటిని గరాజులోంచి దుమ్ము దులిపి తెస్తారు. ఇలాంటి సెట్టు ఒకటి 19వ ఛానల్ మీద 900 హెర్ట్జ్ ఎక్కువ చూపించింది. 20 మీద సరిగ్గా ఉంది, 18 మీద సరిగ్గా ఉంది. తెచ్చినాయన అప్పటికే ఇంకో షాపులో చూపించారట, వాళ్ళు లోపలి కాయిల్స్ అన్నీ కాస్త కాస్త తిప్పి పంపారు. మైనం ముద్రలు పగిలి ఉన్నాయి. దాంతో వినడం కూడా చెడింది, 19 మాత్రం అలాగే ఉంది.

ఆ కాలంలో క్రిస్టల్స్ ఖరీదు ఎక్కువ. 23 ఛానళ్ళకు పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి చొప్పున పెడితే 46 కావాలి. దానికి బదులు తయారీదార్లు చాలామంది 14తో సరిపెట్టారు. ఎలాగంటే, పెద్దవి ఆరు: 37.600 నుంచి మొదలై, ఒక్కోటి 0.050 పెరుగుతూ 37.850 దాకా. పంపడానికి చిన్నవి నాలుగు: 10.635, 10.625, 10.615, 10.595. వినడానికి ఇంకో నాలుగు, 10.180 నుంచి కిందికి. పెద్దదానిలోంచి చిన్నది తీసేస్తే ఛానల్ వస్తుంది. 37.600లోంచి 10.635 తీసేయండి, 26.965, అంటే 1వ ఛానల్. అదే పెద్దదానిలోంచి మిగతా మూడు చిన్నవీ వరసగా తీసేస్తే 2, 3, 4. తర్వాత 37.650 తీసుకుని మళ్ళీ మొదటి చిన్నదానితో 5వ ఛానల్. ఇలా ఆరు నాలుగులు 24 జతలు వస్తాయి. అందులో ఒకటి, 27.235 ఇచ్చేది, అప్పటి జాబితాలో లేదు కాబట్టి ఊరకే ఉండేది. 1977లో ఛానళ్ళు పెంచినప్పుడు ఆ చోటుకే 24 అని అంకె ఇచ్చారు. అందుకే ఈనాటికీ 24వ ఛానల్ 23 కంటే కింద ఉంటుంది. ఈ సంగతి తెలియని కొత్త డ్రైవరు ఎవరైనా కౌంటర్ చూసి సెట్టు పాడైందంటే నాకు కోపం రాదు.

ఇప్పుడు ఆ సెట్టు దగ్గరికి రండి. 19వ ఛానల్ 37.800లోంచి 10.615 తీసేస్తే వస్తుంది. తప్పు ఈ రెండింటిలో ఒకదానిది. 37.800 తప్పయితే దాన్నే వాడుకునే 17, 18, 20 కూడా తప్పాలి. అవి బాగున్నాయి. మిగిలింది 10.615. అదే అయితే 3, 7, 11, 15 కూడా తప్పాలి. డయల్ తిప్పి చూశాను. 3 మీద 900 ఎక్కువ, 7 మీద 900 ఎక్కువ, 11, 15 కూడా అంతే. డ్రైవరు ఎప్పుడూ 19 తప్ప వేరేది వాడడు కాబట్టి ఆయనకు మిగతావి తెలియలేదు. తీసివేత కాబట్టి ఛానల్ 900 పెరిగిందంటే ఆ చిన్న క్రిస్టల్ 900 తగ్గిందన్నమాట. వినడంలో 19 సరైన చోటే ఉంది, దానికి వేరే క్రిస్టల్ ఉంటుంది కదా. బోర్డు మీద ఇన్ని భాగాలుండగా, సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే, తప్పు ఎక్కడుందో ఒక డబ్బీ దాకా తేలిపోయింది.

ఫోన్‌లో ఈ లెక్కంతా చెప్తే నాన్న అటునుంచి పెన్సిలుతో వేసుకున్నారు. "భలే పొదుపుగాళ్ళమ్మా వాళ్ళు" అన్నారు. ఆయన మెచ్చుకునేది ఎప్పుడూ పొదుపునే.

ఆ రకం సెట్లలో ఒక్కో క్రిస్టల్‌కి విడిగా ట్రిమ్మర్ పెట్టేవాళ్ళు కాదు, అంటే సరిచేయడానికి స్క్రూనే లేదు. ముందు క్రిస్టల్ కాళ్ళ దగ్గర టంకం మళ్ళీ పెట్టాను, ఛానల్ స్విచ్ కాంటాక్టులు తుడిచాను, పక్కనున్న చిన్న కెపాసిటర్ కొలిచాను. ఏదీ కాదు. ముసలిదైపోయింది క్రిస్టల్. కాలం గడిచేకొద్దీ లోపలి క్వార్ట్జ్ పలక మీద, దాని లోహపు పూత మీద చిన్న చిన్న మార్పులు జరిగి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. కింద పడ్డ సెట్టులోనైతే ఒక్కసారిగా జరుగుతుంది. పాత సెట్లు విప్పి దాచుకున్న క్రిస్టల్స్ డబ్బా ఒకటి ఉంది నా దగ్గర. అందులోది పెట్టాను. కాయిల్స్ అన్నీ మొదటి నుంచి సర్దడానికి పట్టిన సమయంతో పోలిస్తే ఈ పని ఎంతో చిన్నది.

40 ఛానళ్ళ సెట్ల కథ వేరు. వాటిలో పీఎల్‌ఎల్ అనే చిప్ ఉంటుంది. 10.240 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి. దాన్ని 1,024తో భాగిస్తే సరిగ్గా 10 కిలోహెర్ట్జ్. ఛానళ్ళ మధ్య దూరం అదే. ఇంకోవైపు వోల్టేజీని బట్టి మారే ఓసిలేటర్ ఒకటి ఉంటుంది, దాన్ని వీసీఓ అంటారు. వీసీఓ ఊగుల్ని ఛానల్ అంకెకు తగ్గట్టు భాగించి, ఆ 10 కిలోహెర్ట్జ్‌తో పోల్చి, తేడా వస్తే వోల్టేజీ మార్చి సరిచేస్తుంటుంది చిప్. అన్నీ ఒకే క్రిస్టల్ మీద నడిచే సెట్టులో 10.240 గనక 200 హెర్ట్జ్ పెరిగి ఉంటే, 19వ ఛానల్ మీద 531 హెర్ట్జ్ పెరుగుతుంది. 1 మీద, 40 మీద కూడా దాదాపు అంతే. అన్ని ఛానళ్ళూ ఒకేలా ఒకే వైపు తప్పితే అప్పుడు, అప్పుడు మాత్రమే, క్రిస్టల్ పక్కనున్న ట్రిమ్మర్ తిప్పాలి. ఒక్క ఛానల్ చూసి తిప్పకూడదు. నేను 1, 19, 40 మూడూ రాసుకున్నాకే తిప్పే పుల్ల పట్టుకుంటాను.

తప్పు వేల హెర్ట్జ్‌లలో ఉంటే అది క్రిస్టల్ ముసలితనం కాదు. సరిగ్గా 10 కిలోహెర్ట్జ్, 20, 40, 80 అంటూ మెట్లు మెట్లుగా తప్పితే ఛానల్ స్విచ్ నుంచి చిప్‌కి వెళ్ళే తీగల్లో ఒకటి అతుక్కుపోయిందో తెగిందో చూడాలి. చాలా చిప్‌లలో ఆ తీగలు ఒక్కోటి ఒక్కో మెట్టు చెప్తాయి. 10ది తెగితే పక్కపక్క ఛానళ్ళు రెండు ఒకే చోట కూర్చుంటాయి. ఇక్కడ ట్రిమ్మర్ ఎంత తిప్పినా లాభం లేదు, అది వందల హెర్ట్జ్‌లే జరపగలదు.

చలికాలంలో వచ్చే ఇంకో ఫిర్యాదు: పొద్దున్నే పై ఛానళ్ళు పనిచేయవు, బటన్ నొక్కినా ఏమీ వెళ్ళదు, లారీ వెచ్చబడ్డాక అన్నీ మామూలే. అమరిల్లోలో జనవరి రాత్రులు నీళ్ళు గడ్డకట్టే చలి. ఇది కూడా ఫ్రీక్వెన్సీ పేరుతోనే వస్తుంది. నిజానికి అక్కడ వీసీఓ కాయిల్ తన హద్దు అంచున ఉంది. చలికి ఇంకాస్త జరిగి, చిప్ ఎంత వోల్టేజీ ఇచ్చినా 40 దాకా అందుకోలేకపోతోంది. అందనప్పుడు తప్పు చోట కూత పెట్టకుండా చిప్ పంపడాన్నే ఆపేస్తుంది. సర్వీసు మాన్యువల్‌లో ఏ ఛానల్ మీద ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులుండాలో రాసి ఉంటుంది. మీటర్ అక్కడ పెట్టి కాయిల్ కోర్‌ని ఆ వోల్టుకు తెచ్చి, 1 నుంచి 40 దాకా తిప్పి చూడాలి. వోల్టు ఎక్కడా ఎగిరిపోకుండా మెల్లగా మెట్లెక్కాలి. ఈ పనికి ఇనుప స్క్రూడ్రైవర్ పనికిరాదు. ఇనుము కాయిల్లోకి వెళ్తే అంకె మారుతుంది, తీశాక ఇంకోలా మారుతుంది. పైగా ఫెర్రైట్ కోర్ పెళుసు, పగిలి లోపలే ఇరుక్కుంటుంది. నాన్న ప్లాస్టిక్ అల్లిక సూదిని అరగదీసి కొస పలచగా చేసి వాడేవారు. దుకాణంలో కొన్న పుల్లల సెట్టు నా దగ్గరుంది గానీ, చిన్న కోర్లకు ఇప్పటికీ ఆ సూదే బాగా సరిపోతుంది.

పాత జపాన్ సెట్లలో వీసీఓ చుట్టూ భాగాలు కదలకుండా పోసిన పసుపురంగు జిగురు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది గోధుమరంగుకు తిరిగి, తేమ పీల్చి, కరెంటు కొద్దికొద్దిగా పారనిస్తుంది. తీగల్ని తినేస్తుంది కూడా. అంకె నిలవకుండా అటూ ఇటూ ఊగే సెట్టు వస్తే ముందు నేను వెతికేది ఆ జిగురునే. ఓపిగ్గా గీకి, స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు రోగం కుదురుతుంది. తర్వాత చూసేది కరెంటు. బటన్ నొక్కగానే లారీ బ్యాటరీ వైపు సన్న తీగలో వోల్టు పడిపోయి, లోపలి రెగ్యులేటర్ కూడా బలహీనంగా ఉంటే మాట్లాడేటప్పుడే అంకె జారుతుంది. నా బల్ల మీద 13.8 నుంచి 11 వోల్టుల దాకా దించి చూస్తాను. మంచి సెట్టు అంకె ఇంచుమించు కదలదు.

ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ఉన్న సెట్లకు మాత్రం వంద హెర్ట్జ్ కూడా పెద్ద తప్పే. ఏఎంలో మాటతోపాటు ఒక నిలకడ తరంగం వెళ్తుంది, ఎస్‌ఎస్‌బీలో దాన్ని తీసేసి సగం మాటనే, పై పట్టీనో కింది పట్టీనో, పంపుతారు. అందుకే అదే సెట్టు 12 వాట్ల దాకా పంపొచ్చు, ఇంకా దూరం వెళ్తుంది. కానీ అవతలి సెట్టు ఆ తీసేసిన తరంగాన్ని తనే తయారుచేసుకోవాలి. ఇద్దరి మధ్య తేడా వస్తే గొంతు బాతు అరుపులా మారుతుంది, ఇటువైపైతే సన్నగా, అటువైపైతే బండగా. కౌంటర్‌తో దీన్ని కొలవబోతే ఏమీ చూపించదు. మాట్లాడకపోతే బయటికి వెళ్ళేది లేదు కదా. మైకులోకి 1 కిలోహెర్ట్జ్ శబ్దం ఇవ్వాలి. 19వ ఛానల్ పై పట్టీలో 27.186, కింది పట్టీలో 27.184 రావాలి. రెండూ ఒకే వైపు ఒకేలా తప్పితే మూల క్రిస్టల్. ఒకటి సరిగ్గా ఉండి రెండోది తప్పితే ఆ రెండోదానికి విడిగా ఉన్న ట్రిమ్మర్. ఏఎంకి కూడా ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది. ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. చూడకుండా తిప్పేవాళ్ళు తప్పుదాన్ని తిప్పేది ఇక్కడే.

ఈ సెట్ల ముందు క్లారిఫయర్ అని ఒక నాబ్ ఉంటుంది. అవతలివాడి గొంతు సరిగ్గా వచ్చేలా వినేదాన్ని కొద్దిగా జరుపుకోవడానికి. పంపేదాన్ని జరపకూడదు. కొందరు ఆ వైరు మార్పించుకుని పంపేది కూడా జరిగేలా చేయించుకుంటారు. ఇక్కడ అది నియమానికి విరుద్ధం. పైగా నాబ్ ఎక్కడుంటే 19వ ఛానల్ అక్కడ ఉంటుంది, అంటే ఎక్కడా ఉండదు. అలాంటి సెట్టు ఫ్రీక్వెన్సీ సరిచేయమంటే నేను ముందు ఆ వైరు యథాస్థానానికి పెడతాను. ఒప్పుకోనివాళ్ళకు సెట్టు తిరిగి ఇచ్చేస్తాను, డబ్బు తీసుకోను. మా ఓనరుకు నచ్చదు, అయినా ఊరుకుంటాడు.

పక్క ఛానళ్ళలో వినిపిస్తున్నారన్న ఫిర్యాదు మాత్రం ఎక్కువసార్లు ఫ్రీక్వెన్సీది కాదు. మాడ్యులేషన్ హద్దు తీయించి, పైన దొంగ యాంప్లిఫయర్ పెట్టుకున్న లారీ 19 మీద సరిగ్గా 27.185000 దగ్గరే ఉంటూ కూడా 17 నుంచి 21 దాకా అందరి చెవులూ చిల్లులు పొడుస్తుంది. కౌంటర్‌లో అంకె అద్దంలా నిలబడి ఉంటుంది. డ్రైవరుకు ఆ అంకె చూపిస్తే ఊరట పడి, "మరి వాళ్ళెందుకు తిడుతున్నారు?" అంటాడు. అలాగే యాంటెనా పొడవు తగ్గించి పెంచి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే లెక్క) సరిచేయడాన్ని ఫ్రీక్వెన్సీ సరిచేయడంగా అనుకుంటారు. యాంటెనా ఎంత మారినా సెట్టు పంపే ఫ్రీక్వెన్సీ మారదు, అవతలికి చేరే బలం మారుతుంది. అందుకే యాంటెనా వైపు ముందే చూసేస్తాను, అది తేలికపని కూడా.

అన్నీ అయ్యాక, తిప్పిన కోర్ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేస్తాను, లారీ కుదుపులకు కదలకుండా. నాన్న షాపులో దీనికి కొవ్వొత్తి మైనం వాడేవాళ్ళం, ఇక్కడి ఎండకు క్యాబిన్‌లో అది కరిగిపోతుంది. మూత లోపల చిన్న కాగితం మీద 1, 19, 40 ఛానళ్ళ అంకెలు, తేదీ రాసి అతికిస్తాను. తర్వాత చూసేవాళ్ళకు ఎంత జరిగిందో తెలుస్తుంది. డ్రైవరు రాత్రికి ఇక్కడే పడుకుంటానంటే సెట్టు నా దగ్గరే ఉంచుకుని, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి వెలిగించి చూస్తాను. 27.184940 చూపిస్తే ముట్టుకోను. కాఫీ తాగి వచ్చేసరికి దానంతట అదే 27.185కి ఎక్కుతుంది.